గాజుల పేటలో ఒంటివేడి

బళేపేటకి ఆ పేరు గాజుల వల్ల వచ్చింది. కన్నడంలో ‘బళె’ అంటే గాజు. కెంపేగౌడ 1537లో పునాది వేసిన పాత బెంగళూరు పేటల నడుమ, చిక్కపేటకీ మెజెస్టిక్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇప్పుడక్కడ పట్టుచీరల కొట్లూ, హార్మోనియం, తబలా, వీణ అమ్మే కొట్లూ ఎక్కువ. గాజుల కొట్టు కావాలంటే కాస్త వెతుక్కోవాలి. కానీ అడుగడుగునా తెలుగు వినబడుతుంది, సగం కన్నడం కలిసిన తెలుగు.

మా మేనకోడలి పెళ్ళికి గాజులు కొనడానికి ఒక ఏప్రిల్ మధ్యాహ్నం వెళ్ళాం. దాని కొలత రెండు ఆరు. అంటే గాజు లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. ఎప్పుడూ వేసుకునే కొలతే, ఆ రోజు మాత్రం బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. కొట్టులో ఉన్న పెద్దావిడ సబ్బు నురగ రాసి, నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కి చూసి, లాభం లేదని వదిలేసింది.

“ఎండన పడి నడిచొచ్చినారు కదా పాపా, చెయ్యి ఉబ్బుండాది. రెండు ఎనిమిది ఇస్తే రేపు పొద్దున జారిపోతుంది. పొద్దున్నే రాండి, ఇదే గాజు నున్నగా ఎక్కుతుంది.”

మర్నాడు తొమ్మిది గంటలకి వెళితే సబ్బు అవసరం కూడా పడలేదు. ఆవిడ శరీరధర్మశాస్త్రం చదివి ఉండదు. కానీ ఒంటివేడిని శరీరం ఎలా సర్దుకుంటుందో ఆవిడ రోజూ వేళ్ళతో తడిమి చూస్తోంది.

మనిషి లోపలి వేడి 37 డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూగా ఉండాలి. తెల్లవారుజామున కాస్త తగ్గి సాయంత్రానికి కాస్త పెరుగుతుందంతే. ఈ లెక్క చూసుకునేది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్. ఒళ్ళు వేడెక్కుతోందని తెలియగానే అది మొదట చేసే పని చర్మానికి రక్తం పంపడం. తీరికగా కూర్చున్నప్పుడు చర్మంలో పారే రక్తం నిమిషానికి పావు లీటరు చిల్లర. విపరీతమైన ఎండలో అదే ఆరేడు లీటర్ల దాకా పోతుంది. అరచేతుల్లో, వేళ్ళ కొసల్లో ధమనికీ సిరకీ మధ్య అడ్డదారులున్నాయి. అవి తెరుచుకుంటే వేడి నెత్తురు పైకి పొంగి గాలికి వేడిని వదిలేస్తుంది. చెయ్యి ఉబ్బుతుంది, గాజు బిగుస్తుంది. చల్లటి పొద్దున అవి ముడుచుకుంటాయి. ఉంగరం వదులవుతుంది, గాజు జారుతుంది.

ఈ తెరవడానికీ మూయడానికీ శరీరానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఒంటివేడి గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. వేడిని సర్దుకోవడమంటే క్యాలరీలు తగలెయ్యడం అని చాలామంది అనుకుంటారు. శరీరం మాత్రం పిసినారి గృహిణి. చవకగా తెమిలే దారి ఉన్నంతవరకూ ఖరీదైన దారి జోలికి పోదు. బట్టల్లేని మనిషికి గాలి 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే ఈ రక్తనాళాల సర్దుబాటొక్కటే చాలు. బట్టలు వేసుకుంటే ఆ పరిధి ఇంకా కిందికి దిగుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన కూర్చున్న బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ రోజులు, ఒక చొక్కా వేసుకుని తియ్యడంతోనే గడిచిపోతాయి.

అలాగని వేడి లేదని కాదు. వేడి ఊరికే తయారవుతూనే ఉంటుంది. కూర్చున్న మనిషి గంటకి, కిలో బరువుకి, సుమారు ఒక క్యాలరీ ఖర్చు పెడతాడు. (వాడుకలో క్యాలరీ అంటున్నది నిజానికి కిలోక్యాలరీ. నేనూ వాడుకనే పట్టుకుంటాను.) కరెంటు లెక్కలో అది మనిషికి ఎనభై వాట్ల దాకా వస్తుంది. పది అడుగుల వెడల్పున్న చీరల కొట్టులో పెళ్ళివారు పన్నెండు మంది చాపల మీద కూర్చుంటే, ఒక కిలోవాట్ రూమ్ హీటరు వెలిగించినట్టే. ఫ్యాను ఎంత తిప్పినా యజమాని మెడ తుడుచుకుంటూ ఉండటంలో వింత లేదు.

అదే పేటకి డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను, పొద్దున్నే. కొట్లు తెరిచేవాళ్ళు స్వెట్టర్లలో, మంకీ క్యాపుల్లో ఉన్నారు. వాళ్ళ మధ్యనుంచి ఒక హమాలీ వచ్చాడు. ఒంటి మీద బనీను, నెత్తిన తువ్వాలు చుట్ట, దాని మీద చీరల మూట. వీపంతా తడిసి బనీను అంటుకుపోయింది. మూట దించి నిలబడితే భుజాల నుంచి పల్చగా ఆవిరి లేస్తోంది. మడకశిర వైపు వాడు. చలి వెయ్యడం లేదా అని అడిగాను.

“మోసేటప్పుడు సలి యాడుంటాది సార్? దించినాక ఉంటాది.”

అతని మాట కాసేపు పక్కన పెట్టి, మూట లెక్క చూద్దాం. మనిషి 55 కిలోలు అనుకుందాం. నెత్తిన బరువుతో ఆ సందుల్లో వేగంగా నడిస్తే ఖర్చు కూర్చున్నప్పటికి అయిదారు రెట్లు, అంటే గంటకి దాదాపు 300 క్యాలరీలు. కండరం మోటారు కంటే గొప్పదేమీ కాదు. తిన్నదాంట్లో పావు వంతుకి మించి పనిగా మార్చలేదు, మిగతాదంతా వేడే. బల్లపరుపు నేల మీద నడకలో ఆ పావు వంతు కూడా చివరికి వేడిగానే తేలుతుంది. 55 కిలోల ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 46 క్యాలరీలు చాలు. ఈ 300 క్యాలరీల వేడికి బయటికి దారి లేకపోతే అరగంటలో అతని ఒళ్ళు 40 డిగ్రీలు దాటి, గంట తిరిగేసరికి ప్రాణం మీదికి వస్తుంది. డిసెంబరైనా అతనికి చెమట అందుకే పట్టింది. బయట ఎంత చలి ఉందన్నది కాదు, లోపల ఎంత పొయ్యి మండుతోందన్నది ప్రశ్న.

ఒక గ్రాము చెమట ఆవిరైతే 0.58 క్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే లీటరుకి 580. ఈ అంకె చూపించే కొందరు పెద్ద పొరపాటు చేస్తారు, లీటరు చెమట కారిస్తే 580 క్యాలరీల కొవ్వు కరిగిపోయిందని. చెమట బయటికి తీసుకుపోయేది అప్పటికే మండిపోయిన ఇంధనం తాలూకు వేడి. వంటింటి వేడి కిటికీలోంచి ఎక్కువ పోయేలా చేస్తే పొయ్యిలో కట్టెలు ఎక్కువ కాలవు. నడుముకి ప్లాస్టిక్ బెల్టు బిగించి పరిగెత్తేవాళ్ళూ, ఆవిరిగదిలో కూర్చుని కిలో తగ్గామని సంబరపడేవాళ్ళూ పోగొట్టుకునేది నీళ్ళు. రెండు చెంబులు తాగగానే ఆ కిలో తిరిగొస్తుంది.

ఇదే మూటని ఇదే మనిషి మే నెలలో విజయవాడ వన్‌టౌన్‌లో మోస్తే చెమట ధారలు కడుతుంది. గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, బొట్లుగా నేల మీద పడుతుంది. నేల మీద పడిన చెమట ఒంటి వేడిని తీసుకెళ్ళదు. దాంతో శరీరం ఇంకా పోస్తుంది. గుండె కాస్త ఎక్కువ కొట్టుకుంటుంది కానీ, మోతకి పట్టే క్యాలరీలు మాత్రం ఇంచుమించు బళేపేటలో పట్టినన్నే. చెమట లెక్క వేరు, ఖర్చు లెక్క వేరు.

ఉత్తుత్తి వేడి కూడా ఒకటుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీ కొరికితే నుదుటి మీద చెమట పడుతుంది. థర్మామీటరు పెడితే తేడా ఏమీ కనబడదు. నాలుక మీద 43 డిగ్రీల పైన వేడిని పసిగట్టే ఒక ద్వారం ఉంది. మిరపలోని కాప్సైసిన్ ఆ ద్వారాన్నే తెరుస్తుంది, మెదడు నిప్పు తగిలిందనుకుంటుంది. దీన్ని తేల్చిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. బొప్పాయి తింటే ‘వేడి చేస్తుంది’, మజ్జిగ ‘చలవ’ అనే మన ఇళ్ళలోని మాటలకీ ఈ థర్మామీటరుకీ పొత్తు కుదరదు. అవి వేరే వ్యవహారం, వేరే అధ్యాయం.

ఇక శరీరం నిజంగా క్యాలరీలు తగలేసి వేడి పుట్టించే దారి ఎక్కడుంది? దానికి బళేపేటలోనే ఇంకో కొట్టుకి పోవాలి. హార్మోనియం బాగుచేసే మనిషి పెట్టె చేతికి రాగానే ముందు మెట్లు ముట్టుకోడు. తిత్తి నొక్కి ఆగుతాడు. తిత్తి అలాగే నిలబడితే పెట్టె మంచిది. నొక్కగానే మెత్తగా కూలిపోతే ఎక్కడో కన్నం ఉంది. కన్నం ఉన్న పెట్టెని ఎంత ఊదినా గాలి ఖర్చే కానీ స్వరం పలకదు.

మన కణాల్లోని మైటోకాండ్రియా ఇలాంటి పెట్టెలే. తిన్న అన్నంలోని శక్తితో అవి తిత్తి ఊదుతాయి, అంటే ప్రోటాన్లని పొర అవతలికి తోస్తాయి. ఆ ప్రోటాన్లు, హార్మోనియంలో స్వరం పలికించే రీడు లాంటి ఒక ఇరుకు దారిగుండా వెనక్కి వస్తున్నప్పుడు ఏటీపీ అనే అణువు తయారవుతుంది. కండరం ముడుచుకోవాలన్నా, నాడి పలకాలన్నా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఆ అణువుని కనిపెట్టినవాళ్ళలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి చేతికి దొరికాక 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీ. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు.

తిత్తికి కన్నం పెడితే ఏమవుతుందో కూడా దాదాపు ఆ కాలంలోనే తెలిసింది, కాకపోతే మనుషుల మీద. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు మందుగుండు కర్మాగారాల్లో డైనైట్రోఫినాల్ అనే పసుప్పచ్చ పొడితో పనిచేసిన కూలీలు చిక్కిపోయి, చెమటలు కక్కి, కొందరు జ్వరంతో పోయారు. 1933లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు దాన్నే బరువు తగ్గే మందుగా ఇచ్చారు. అది ప్రోటాన్లని రీడు దాకా పోనివ్వకుండా పొరలోంచే వెనక్కి జార్చేస్తుంది. ఏటీపీ రాదు, అన్నం కాలిపోతుంది, ఒళ్ళు కాగిపోతుంది. బరువు నిజంగానే తగ్గింది. కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి, కొందరు లోలోపల ఉడికిపోయి చచ్చిపోయారు. 1938 నాటికి అమెరికా ఆ వాడకాన్ని ఆపించింది. ఇప్పటికీ కండలు పెంచే కుర్రాళ్ళకి దొంగచాటుగా దొరుకుతోంది, ఇప్పటికీ చంపుతోంది.

ఆ కన్నాన్నే శరీరం తనకి కావలసినప్పుడు తెరిచి, అక్కర్లేనప్పుడు మూసుకునేలా అమర్చుకున్న చోటు గోధుమరంగు కొవ్వు. పసిపిల్లలకి భుజాల మధ్య, మెడ చుట్టూ ఉంటుంది. వాళ్ళకి వణకడం సరిగ్గా చేతకాదు, ఈ కొవ్వే వాళ్ళ కుంపటి. పెద్దవాళ్ళలో అది ఉండదని చాలాకాలం అనుకున్నారు. 2009లో ఒకే పత్రికలో ఒకేసారి వచ్చిన మూడు పరిశోధనలు, స్కానింగ్ తీస్తే పెద్దవాళ్ళకీ మెడ కింద అది వెలుగుతోందని, చలిలో ఇంకా ఎక్కువగా వెలుగుతోందని చూపించాయి. ఇక చూసుకోండి, చన్నీళ్ళ స్నానంతో కొవ్వు కరిగించుకునే గురువులు బయల్దేరారు.

మన సంగతి మాత్రం వేరు. 2014లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, అక్కడ స్థిరపడిన దక్షిణాసియా మూలాల కుర్రాళ్ళు పన్నెండు మందినీ తెల్ల కుర్రాళ్ళు పన్నెండు మందినీ చల్లబరిచి చూశారు. మనవాళ్ళలో గోధుమ కొవ్వు పరిమాణం 34 శాతం తక్కువ. ఇరవై నలుగురితో తేలిన మాటని జాతకంలా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అయినా చలితో సన్నబడదామనుకునే తెలుగువాడికి అది అనుకూలమైన వార్త మాత్రం కాదు.

వణుకు సంగతి వేరే. గట్టిగా వణికితే ఖర్చు కూర్చున్నప్పటికి అయిదు రెట్ల దాకా పోతుంది, అంటే మన హమాలీ మోతతో సమానం. కానీ బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఆ చలిలో కూడా మనిషి వణుకుతూ నిలబడడు, కంబళి కప్పుకుంటాడు. ఫ్రిజ్ నీళ్ళ లెక్కా ఇంతే. నాలుగు డిగ్రీల నీళ్ళు అర లీటరు తాగితే వాటిని ఒంటివేడికి తేవడానికి పదహారు, పదిహేడు క్యాలరీలు. బళేపేటలోని ఉడుపి శ్రీకృష్ణ భవన్‌లో సాగు మసాలా దోసె తిన్నవాడు ఆ దోసెని ఈ నీళ్ళతో కడిగేసుకోవాలంటే కడుపు పట్టదు. పైగా దోసె తర్వాత కాఫీ తాగుతాడు, దాని వేడి ఈ చన్నీళ్ళ లెక్కని చెరిపేస్తుంది.

నిజంగా ఖర్చు పెంచే వేడి జ్వరం. ఒంటివేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే జీవక్రియ పది నుంచి పదమూడు శాతం పెరుగుతుంది. 102 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం మూడు రోజులుంటే ఆ మూడు రోజులూ మంచం మీదే ఉన్నా ఖర్చు అయిదో వంతు ఎక్కువ. లంఖణం పరమౌషధం అని జావ కూడా ఇవ్వకపోవడం, కనీసం చిక్కిన పిల్లల విషయంలో, నాకు నచ్చదు.

ఇదంతా ఒక ఎత్తు. బళేపేటకి అయిదారు మైళ్ళలోనే జరిగిన పని ఒకటుంది, అది నన్ను ఎక్కువగా పట్టుకుంది. ముందు కొంచెం మద్రాసు పోవాలి. అక్కడి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన ఎలియనార్ మేసన్, బోస్టన్‌లోని ఫ్రాన్సిస్ బెనెడిక్ట్‌తో కలిసి, 1931లో దక్షిణ భారత స్త్రీల విశ్రాంతి ఖర్చు కొలతలు ప్రచురించారు. పరగడుపున కదలకుండా పడుకున్నప్పుడు బతికి ఉండటానికి మాత్రమే అయ్యే ఖర్చు అది. అమెరికన్ ప్రమాణాల కంటే బాగా తక్కువ వచ్చింది. ఎండదేశం కాబట్టి పొయ్యి తగ్గించుకున్నారని కొందరన్నారు, తిండి తేడా అని కొందరు, జాతి అని ఇంకొందరు. వాదన అర్ధశతాబ్దం నడిచింది.

1980ల్లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో ప్రకాశ్ శెట్టి, అనురా కుర్పాడ్, వాళ్ళ సహచరులు ఇదే ప్రశ్నని బక్కచిక్కిన మగవాళ్ళ మీద పెట్టారు. ఏళ్ళ తరబడి అరకడుపుతో బతికిన మనుషులు. వాళ్ళ విశ్రాంతి ఖర్చు మొత్తంగా తక్కువే. కానీ ఒంటి బరువు కిలోకి ఎంత అని లెక్కేస్తే తక్కువ కాదు. పొయ్యి మంట తగ్గలేదు, పొయ్యే చిన్నది. గుండె, కాలేయం, మెదడు చిక్కినవాడిలోనూ తమ వాటా తాము తీసుకుంటాయి. తగ్గింది కండ. ఎండదేశపు జీవక్రియ అనుకున్నదాంట్లో చాలాభాగం ఇలా చిన్న ఒళ్ళ లెక్కగా తేలింది.

అదే బృందం 1989లో ఇంకో సంగతి రాసింది. వాతావరణం కాస్త చల్లబడితే, బాగా తినే మనిషి ఒంట్లో వేడి పుట్టడం పెరిగినంతగా ఈ చిక్కిన మనిషి ఒంట్లో పెరగదు. ఒక్క వేడి విషయంలో మాత్రం శరీరం నిజంగానే పొదుపు చేస్తోందన్నమాట. అమెరికాలో 1945లో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకి ఆరు నెలలు సగం తిండి పెట్టి చూసినప్పుడు వాళ్ళు జూలై ఎండలో దుప్పట్లు అడిగారు. విశ్రాంతి ఖర్చు దాదాపు నలభై శాతం పడిపోయింది. పెళ్ళికి ముందు కఠినంగా కడుపు మాడ్చుకునే ఆడపిల్లలు చేతులు చల్లబడుతున్నాయని అంటారు. అది వాళ్ళ భ్రమ కాదు.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 65 కిలోల మగవాడు కూర్చుని పనిచేస్తే రోజుకి 2110 క్యాలరీలు కావాలి, బరువు పని చేస్తే 3470. తేడా 1360. రాగిపిండిలో చెప్పాలంటే నాలుగు వందల గ్రాముల పైమాట. స్వెట్టరు వేసుకున్న కొట్టు యజమానికీ బనీను తడిసిన హమాలీకీ మధ్య ఉన్న అసలు దూరం అది. చలీ ఎండా ఆ అంకెని కాస్త అటూ ఇటూ జరుపుతాయంతే, మూటే దాన్ని నిర్ణయిస్తుంది.

ఇప్పుడు ఆ హమాలీ అన్న మాట. దించినాక సలి. మూట దించిన కొద్ది నిమిషాల్లోనే కండరాల పొయ్యి తగ్గుతుంది. చర్మం మీది చెమటకి ఆ సంగతి తెలియదు. డిసెంబరు గాలికి అది ఆరుతూనే ఉంటుంది, గ్రాముకి 0.58 చొప్పున లాక్కుంటూనే ఉంటుంది. చర్మం కింద కొవ్వు పొర లేని మనిషి దగ్గర ఆ వేడి ఇట్టే ఖాళీ అవుతుంది. నేను చూస్తుండగానే అతను నెత్తిమీది తువ్వాలు విప్పి వీపు గట్టిగా తుడుచుకున్నాడు, అరుగు మీద మడిచిపెట్టిన చొక్కా తీసి బొత్తాములు మెడదాకా పెట్టుకున్నాడు. లోపల్నుంచి కొట్టతను ఇంకో మూట ఉందని కేక వేశాడు. అతను రెండు గుటకల్లో టీ అవగొట్టి, చొక్కా మళ్ళీ విప్పి, మడిచి, అరుగు మీద పెట్టాడు.